షుగరున్న పిల్లకి పంచదార

ముక్కూ మొహం తెలియని మనిషిని నేను నోరు తెరిచి మంచినీళ్ళు అడిగిన రోజున నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మొదటిసారి అనిపించింది. ఎనభైల చివరి సంగతి. రేపల్లె నుంచి రోజూ పాసింజరు రైల్లో తెనాలి వెళ్ళి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా తోటి పిల్లలతోనే సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. కిటికీ పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకంలో తల దూర్చేసేదాన్ని. అలాంటిది ఆ పొద్దున ఎదురు సీట్లో పెద్దావిడ దగ్గర మరచెంబు చూసి, "కాసిని మంచినీళ్ళిస్తారా పిన్నిగారూ?" అన్నాను. చెంబు ఖాళీ చేసి ఇచ్చాను.

"అంత దాహమేంటే తల్లీ! పొద్దున్నే ఆవకాయ అన్నం గానీ తిన్నావా?" అని ఆవిడ నవ్వింది. తెనాలిలో దిగేసరికి నాలుక మళ్ళీ పిడచకట్టుకుపోయింది.

తర్వాత ఆకలి ఎక్కువైంది, మనిషిని మాత్రం చిక్కిపోయాను. పరీక్షల దిగులన్నారు అందరూ. మా పెరట్లో నేను బాత్‌రూముకు వెళ్ళిన చోట చీమలు పట్టడం అమ్మ చూసింది. ఆరోజే నాన్న నన్ను తెనాలిలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. నాన్న రేపల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. బ్లడ్ టెస్ట్ రిపోర్టు చూసి డాక్టరుగారు, "జువెనైల్ డయాబెటిస్ మేష్టారూ, చిన్నవయసులో వచ్చే షుగరు జబ్బు. మాత్రలతో లొంగదు. రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ చేయాలి" అన్నారు.

"ఎన్నాళ్ళండీ?"

"అన్నం ఎన్నాళ్ళు తింటుందో అన్నాళ్ళు."

ఆస్పత్రిలో నన్ను అడ్మిట్ చేసుకుని ఇంజెక్షన్ నాచేతే చేయించి నేర్పారు. డాక్టరుగారు ఒకటి గట్టిగా చెప్పారు: "చేసుకున్నాక అరగంటలో తినాలి. తినకపోతే షుగర్ లో అయిపోతుంది. దాన్ని హైపోగ్లైసీమియా అంటారు. చెమటలు, వణుకు, మాట తడబడటం. అప్పుడు ఆలోచించకుండా పంచదార నోట్లో వేసుకో."

ఇంట్లో ఫ్రిజ్ లేదు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టేవాళ్ళం. గాజు సిరంజి పొద్దున్నే గిన్నెలో మరగబెట్టాలి. యూరిన్ టెస్టు ఇంట్లోనే. టెస్ట్‌ట్యూబులో బెనెడిక్ట్ సొల్యూషన్ పోసి, కొన్ని చుక్కల యూరిన్ కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం. ఇటుక రంగు తిరిగితే బాగా ఎక్కువ. మొదట్లో ఇటుక రంగు వచ్చిన రోజల్లా ఏడ్చేదాన్ని. తర్వాత డైరీలో వానా ఎండా రాసుకున్నట్టు రంగులు కూడా రాసుకోవడం అలవాటైంది.

"ఎవరికీ చెప్పకే కరుణా, ఆడపిల్లవి. రేపు నాలుగు మాటలంటారు" అంది అమ్మ. ఎవరికీ ఏమీ చెప్పకపోవడం నాకు కష్టమైన పని కాదు. హాయిగా ఒప్పుకున్నాను.

ఇంటర్ పాసయ్యాను. బాపట్లలో టీచర్ ట్రైనింగ్‌కి సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి. నాకు టీచరు కావాలని ఎంత ఉందో నాన్నకు తెలుసు కాబట్టి సరేనన్నారు. చేరడానికి కొద్దిరోజుల ముందే గుళ్ళో ఆ సంగతి జరిగింది.

మేము లూథరన్ క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉంటుంది. ఆరోజు బల్లలో పాలుపొందేవరకూ పెద్దవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. ఎవరూ పెట్టిన రూలు కాదు, నాయనమ్మల నాటి అలవాటు. అంతకుముందు నెలల్లో గుడి నుంచి వచ్చాకే ఇంజెక్షన్ చేసుకుని తినేదాన్ని. కానీ ఆలస్యమైనప్పుడల్లా టెస్టులో ఇటుక రంగు వస్తోంది. అందుకని ఆ వారం తెలివిగా ఆలోచించాననుకుని ఇంజెక్షన్ ముందే చేసుకున్నాను. టిఫిన్ మాత్రం వచ్చి తినొచ్చులే అనుకున్నాను.

ఆరోజు వేరే ఊరి నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు ప్రసంగం చేశారు. ప్రసంగం ఎంతకీ అవలేదు. బల్ల ముందు మోకాళ్ళు వేసేసరికి చేతులు వణుకుతున్నాయి, ఓణీ చెమటకు తడిసింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పక్కన రత్నమ్మత్తయ్య, అంటే నాన్నకు వరసకు అక్క, నా తల మీద చెయ్యి వేసింది.

"ప్రభువు తాకాడమ్మా పిల్లని! ఏడువు తల్లీ, మనసారా ఏడువు!" అని పెద్దగా ప్రార్థన మొదలెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చి చేతులు వేశారు. పంచదార కావాలని చెప్పాలనుకున్నాను. నాలుక తిరగలేదు.

వెనక వరసలోంచి అమ్మ ఆడవాళ్ళను తోసుకుంటూ వచ్చింది. "వదినా, ప్రార్థన తర్వాత చేద్దురుగాని! దానికి షుగరు జబ్బు! పక్కకి జరగండి!" అంటూ కొంగున కట్టిన పంచదార పొట్లం విప్పింది.

రత్నమ్మత్తయ్య అమ్మ చెయ్యి పట్టేసుకుంది. "నీకేమన్నా మతి పోయిందా? షుగరున్న పిల్లకి పంచదార పెడతావా? చంపుతావేంటి దాన్ని?"

"పెట్టకపోతేనే చస్తుంది వదినా, వదులు!"

మా అయ్యగారు బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి, "రత్నమ్మగారూ, చెయ్యి వదలండి. తల్లికి తెలీదా?" అన్నారు. అమ్మ నా బుగ్గలో పంచదార కుక్కింది. కాసేపటికి మనుషుల మొహాలు స్పష్టంగా కనబడ్డాయి. అందరూ నన్నే చూస్తున్నారు. ఆరోజు డైరీలో ఒక్క ముక్క రాయలేకపోయాను.

ఇంటికొచ్చాక నాన్న, "బాపట్ల వద్దు. కళ్ళ ముందుంటేనే ఇలా అయింది. అక్కడ ఎవరున్నారు?" అన్నారు. అమ్మ కూడా తలూపింది. నేను ఎదురు చెప్పే రకాన్ని కాదు. రెండు రోజులు అన్నం సయించలేదు, ఇంజెక్షన్ చేసుకున్నాను కాబట్టి తిన్నాను. చివరికి నాన్నే, "డాక్టరుగార్ని ఒక మాట అడుగుదాం పద" అన్నారు.

అమ్మ కూడా మాతో వచ్చింది. డాక్టరుగారు అంతా విని, "మాన్పించాల్సింది ఉపవాసం మేష్టారూ, ట్రైనింగ్ కాదు" అన్నారు. నావైపు తిరిగి, "ఒక షరతమ్మాయ్. హాస్టల్లో పక్క మంచం అమ్మాయికి మొదటి రోజే చెప్పాలి. మీ నాన్నగారి ఎదుటే. చెప్పలేకపోతే ఆయనతో వెనక్కి వచ్చెయ్" అన్నారు.

"సంబంధాలు..." అని అమ్మ నసిగింది.

"ముందు పిల్ల ఉండాలిగా అమ్మా!"

బాపట్ల హాస్టల్ వరండాలో ట్రంకుపెట్టె దించి నాన్న నిలబడ్డారు. నా పక్క మంచం అమ్మాయి రజియా. తెనాలి అమ్మాయే, వాళ్ళ నాన్నకు టైలరింగ్ షాపు. వరండాలోకి వచ్చి గలగలా మాట్లాడుతోంది. నేను నేల చూస్తున్నాను. కొంతసేపు చూసి నాన్న ట్రంకుపెట్టె మళ్ళీ పైకెత్తారు.

"నాకు షుగరుంది" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రోజూ ఇన్సులిన్ చేసుకుంటాను. ఎప్పుడైనా చెమటలు పట్టి, పిచ్చిపిచ్చిగా మాట్లాడితే పంచదార పెట్టు."

రజియా నన్ను ఎగాదిగా చూసి, "పిచ్చిగా మాట్లాడటం తర్వాత, అసలు నువ్వు మాట్లాడతావా?" అంది. నాన్నకు నవ్వొచ్చింది. పెట్టె కింద పెట్టారు.

మెస్‌లో టిఫిన్ ఆలస్యమైతే వంటావిడతో పోట్లాడి నాకు ముందు పెట్టించేది రజియానే. రంజాన్ నెలలో తను రోజా ఉంటూ కూడా, "నేను తింటే తప్పు, నువ్వు తినకపోతే తప్పు. భలే దొరికావే నాకు!" అని నా కంచం దగ్గర కాపలా కూర్చునేది. రెండుసార్లు షుగర్ పడిపోయినప్పుడు తనే పంచదార పెట్టింది. ఒకసారి విషజ్వరంతో షుగర్ బాగా పెరిగి ఆస్పత్రిలో పడ్డాను. ట్రైనింగ్‌లో వెనకబడ్డాను కూడా. కానీ పూర్తిచేశాను.

ఇప్పుడు పెనుమూడి వైపు ఒక ఊళ్ళో టీచర్‌గా పనిచేస్తున్నాను. డిస్పోజబుల్ సిరంజిలు వచ్చాక మరగబెట్టే పని తప్పింది. బస్సెక్కే ముందు ఇంజెక్షన్, వెంటనే టిఫిన్, ఇంటర్వెల్లో రెండు బిస్కెట్లు, సాయంత్రం స్కూలు నుంచి నడుచుకుంటూ మెయిన్ రోడ్డు దాకా రావడం. అన్నం కొలిచి తింటాను. మామిడిపండు కనబడితే ఇప్పటికీ మనసు లాగుతుంది, ఒక ముక్కతో సరిపెట్టుకుంటాను. వచ్చిన రెండు సంబంధాలకూ అమ్మే ముందుగా చెప్పేసింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. "పోతే పోయారులే" అంది అమ్మ. ఆ మాట అమ్మ నోట విన్నందుకు నాకు సంతోషమే వేసింది.

మీలో ఇన్సులిన్ చేసుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. బడిలోనో ఆఫీసులోనో రోజూ మీ పక్కన కూర్చునే మనిషికి మీ సంగతి చెప్పండి. షుగర్ పడిపోతే ఎలా ఉంటారో, పంచదార ఎక్కడ పెట్టుకున్నారో చూపించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళమనండి. ఇదంతా మీరు బాగున్న రోజే చెప్పాలి. అవసరం వచ్చిన రోజున చెప్పడానికి మీకు నాలుక తిరగదు.