ఆయుధపూజలో రష్యా బొమ్మ

1920ల చివర్లో నన్ను రంగూన్ రేవు కస్టమ్స్‌లో అప్రైజర్‌గా వేశారు. ఓడ దిగిన సరుకు ఏమిటో, ఎక్కడిదో, ఏ పద్దు కింద రాయాలో తేల్చడం అప్రైజర్ పని. అతని సంతకాన్ని కోర్టు కూడా తేలిగ్గా కాదనదు.

ఆ దసరా మర్నాడు పోలీసులు పజుండౌంగ్ పేటలో మన తెలుగు కూలీల బారక్ నుంచి ఒక బొమ్మ పట్టుకొచ్చారు. నిలువెత్తు కాగితం, రష్యాలో అచ్చయింది. పైన సుత్తి, కొడవలి; కింద భుజం భుజం కలిపి నడుస్తున్న మనుషులు. రష్యా మాట వింటేనే దొరలకు జ్వరం వచ్చే రోజులవి. ఆ కూలీల ముఠా మీద పెత్తనం చేసే మేస్త్రీ అప్పలస్వామిని లాకప్‌లో పెట్టారు. అది ప్రచారానికి తెప్పించిన బొమ్మ అని నేను రాస్తే అతనికి జైలు, ముఠా మొత్తానికి పని పోయి ఇంటికి తిరుగు ఓడ.

బొమ్మ పరిచి చూశాను. రాతి పలక మీద గీసి తీసిన అచ్చు, రెండే రంగులు. అంత తక్కువ సిరాతో మనుషుల్ని నడిపించిన ఆ పనితనానికి నిజంగా ముచ్చటేసింది. సుత్తికీ కొడవలికీ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఇదేమిటని అప్పలస్వామిని పిలిపించి అడిగాను.

“పండక్కి పనిముట్లకి పూజ సెయ్యమేటి బాబూ? ఓడలో గాజు సామాన్లకి సుట్టిన కాయితం అది. సుత్తీ కొడవలీ బాగా ఏసారని గోడకి అంటించి, మూటలెత్తే మా కొక్కేలు దాని ముందరెట్టినాం. తప్పేటి?” అన్నాడు.

పోలీసు ఇన్‌స్పెక్టర్ దొర నమ్మలేదు. నేను మాత్రం ఇలా రాశాను: సరుకుకు చుట్టిన కాగితం, పూజకు వాడారు, బొమ్మ అర్థం వీరికి తెలియదు. మేస్త్రీని వదిలేశారు. బొమ్మను నిబంధన ప్రకారం తగలబెట్టారు. నా మనసు చివుక్కుమంది.

ముఠా అంతా దండం పెట్టడానికి ఆఫీసుకొచ్చింది. అందరిలోకీ పెద్దవాడు నారాయుడు, మూటలు మోసేవాడు, వెళ్ళబోతూ ఆగాడు.

“బాబూ, ఆ బొమ్మలో అందరూ ఒక్క ఎత్తునే ఉన్నారు. మేస్త్రీ ఏడీ?”

అప్పలస్వామి పెద్దగా నవ్వాడు. ముఠాలో ఇంకెవరూ నవ్వలేదు.

నివేదిక నేను మార్చలేదు. మారిస్తే అందరూ ఓడెక్కాల్సిందే. కానీ ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా నా నివేదికల్లో కాగితం ఏ దేశానిదో, ఏ అచ్చో రాశాను. చూసినవాళ్ళకి ఏం అర్థమైందో మాత్రం మళ్ళీ ఎన్నడూ రాయలేదు.