ఎంగిలి తగిలిన గిటారు

ఆ గిటారును పగలగొట్టింది నేనే. కొట్టు యజమాని మూర్ఖత్వమే కారణమని చాలా ఏళ్లు వాదించాను. ఇప్పుడు ఆ వాదన కట్టిపెడుతున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో గుడివాడలో నాతోపాటు పాఠాలు చెప్పే ఒక క్రైస్తవ మిత్రుడు, వాళ్ల పల్లె చర్చిలో క్రిస్మస్‌కు పిల్లల పాటలకు గిటారు కొనాలనుకున్నాడు. కులాలు వేరైనా మేమిద్దరం బావా అని పిలుచుకునేవాళ్లం. బందరు బజారులో ఒకటి చూసి వచ్చి, దాని మోత చెవిలోంచి పోవడం లేదన్నాడు. చెవిని నమ్మితే మోసపోతావు, చెక్కను పరీక్షిద్దామన్నాను. పెడనలో బట్టల అద్దకానికి టేకు అచ్చులు చెక్కే ఒకాయనను వెంటబెట్టుకుని వెళ్లాం.

యజమాని గిటారు దించి, సీమ చెక్క, ముందు పలకంతా ఒకే ముక్క అని చెప్పాడు. బావ మీటాడు. మోత పొట్టలోంచి నిండుగా వచ్చి, తీరిగ్గా తగ్గింది. మెడ వెంట కన్ను పెట్టి చూశాం, వంపు లేదు. తీగ ఎక్కడ నొక్కినా చిటపటలాడలేదు.

అచ్చుల ఆయన వేలు నాలుకకు తాకించి, పలక మధ్యనున్న రంధ్రం అంచున రుద్దాడు. టేకు కొనేటప్పుడు ఆయన రోజూ చేసే పనే. తడి తగిలితే కోసిన అంచులో చెక్క గీతలు తేలి, ఒకే ముక్కో అతికిన పొరలో తెలిసిపోతుంది.

యజమాని రూళ్లకర్రతో ఆయన మూతి మీద కొట్టాడు.

"ఎంగిలి వేలు సరస్వతికి పెడతావట్రా?"

పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద పడింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. చర్చికి వెళ్లబోయే గిటారులో సరస్వతి ఎక్కడుందని నేను అడగవలసింది. చెయ్యెత్తినవాడు వాదంలో ఓడినట్టేనని ఎన్నో సభల్లో చెప్పినవాణ్ణి. అడగలేదు. అతని గొంతు పట్టి గోడకేసి కొట్టాను. అతడు నా ముంజేయి నెత్తురు వచ్చేలా కొరికాడు. ఎంగిలి పట్టింపు ఉన్న మనిషి! బావ విడిపించబోయాడు. బావ చేతిలోని గిటారు లాక్కుని యజమాని భుజం మీద దించాను. పలక నిలువునా చీలింది. మెడ విరిగి తీగలతో వేలాడింది. యజమాని నేల మీద కూలబడి భుజం పట్టుకుని మూలిగాడు.

అచ్చుల ఆయన పెదవి తుడుచుకుని ఒక ముక్క ఏరాడు.

"మూడు పొరలండి మాస్టారూ. జిగురేసి అతికించారు."

"చూశావా బావా?" అన్నాను, రొప్పుతూనే.

బావ విరిగిన మెడను చేతిలోకి తీసుకున్నాడు. "పొరల సంగతి నేనడిగానా? మోత బాగుంది. నువ్వూ విన్నావుగా."

పగిలినదాన్ని నేనే కొనవలసి వచ్చింది. బందరులో ఆ ఏడు మరొకటి దొరకలేదు. క్రిస్మస్‌నాడు పిల్లలు చప్పట్ల మీదే పాడారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. బావ నా వైపు చూసి, నన్నూ చప్పట్లు చరచమని సైగ చేశాడు. ముంజేతి మీద పళ్ల గాట్లు ఇంకా మానలేదు. చరిచినప్పుడల్లా భుజం దాకా సలిపింది.