సవతి గొంతు

మెకానిక్కులంతా ఆయన్ని చెవుల మేస్త్రి అనేవారు. బానెట్ ఎత్తకుండానే, ఒక్క నిమిషం చెవి ఒగ్గి విని బండి రోగం చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆయన షెడ్డులో రాణీ మర్యాదలు ఒక్క ఎర్రటి పాత ఇటలీ కారుకే. కాగితాల మీద అది ఒక డాక్టరుగారిది. సాకింది మాత్రం మేస్త్రి. ఆయన భార్య దాన్ని ఏనాడూ కారు అనలేదు, "నా సవతి" అనేది.

ఆ సవతికి కార్ల ప్రదర్శన నుంచి పిలుపొచ్చింది. రేపటి కారు పక్కన నిన్నటి కారును నిలబెట్టి పోల్చి చూపిస్తారట. జనం ముందు ఇంజను స్టార్ట్ చేయిస్తామని మాట కూడా ఇచ్చారు. ఆ మాట కోసం మేస్త్రి వారం రోజులు తిండీ నిద్రా మరిచి పనిచేశాడు. భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

తీరా వచ్చాక నిర్వాహకుడు మేస్త్రి చేతిలో ఒక గుడ్డ పెట్టాడు. "స్టార్టింగ్ లేదు మేస్త్రీ, పొగొస్తుంది. కింద తెల్ల తివాచీ వేశాం. ఆయిల్ చుక్క పడితే తుడుస్తూ ఉండండి, చాలు."

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. గుడ్డ భార్య చేతికిచ్చి, పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

రేపటి కారు వెండి రంగులో మెరిసిపోతోంది. స్టీరింగ్ లేదు, తలుపులు తెరుచుకోవు. పొద్దున్నే నలుగురు తోసుకొచ్చి పెట్టారు. లోపల ఇంజనే లేదు. తయారుచేసినవాళ్లకు సిగ్గూ లేదు. దీపాలు వెలిగాయి, అది గర్జించింది, జనం చప్పట్లు కొట్టారు.

భార్య ఆయన మోచేయి పట్టుకుంది. "ఏమండీ, ఇది నా సవతి గొంతు కదా?"

ఆయన అప్పటికే విన్నాడు. మూడో వాల్వు దగ్గర చిన్న టిక్కు. ఆ భాగం ఎక్కడా దొరక్క తనే ఆకురాయితో అరగదీసి వేశాడు. ఆ టిక్కు ఇంకే బండికీ ఉండదు. పోయిన నెల మైకులతో షెడ్డుకొచ్చినవాళ్లు "గుర్తుగా దాచుకుంటామండీ" అంటే, వెర్రిమాలోకంలా టీలు పోసి మరీ ఎర్ర కారు ఇంజను చప్పుడు రికార్డు చేయించాడు. దీని నోరు నొక్కి, దీని గొంతు ఆ బొమ్మకు పెడతారా?

తిన్నగా వెళ్లి, వెండి కారు కిందున్న స్పీకరు తీగ పట్టుకుని పీకేశాడు. నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఈ పని?"

"పోల్చి చూపిస్తామన్నారుగా. ఇప్పుడు పోల్చండి."

ఎర్ర కారెక్కి తాళం తిప్పాడు. హాలు అద్దాలు అదిరాయి. తెల్ల తివాచీ మీద ఒక ఆయిల్ చుక్క పడింది, దాని పక్కనే ఇంకొకటి.

భార్య చేతిలోని గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది.