చిప్ప లేని మోకాలితో గొంతుక్కూర్చున్నాను

గుట్ట మీద మందలో చిరుతపులి పడిందనీ, దానితో కలబడి మోకాలు విరగ్గొట్టుకున్నాననీ మా ఊళ్లో చెప్పాను. దవాఖానలో పక్కమంచం వాళ్లకు చెప్పేసరికి చిరుతలు రెండయ్యాయి. అసలు సంగతి ఇది. గొర్రెలు కొనడానికి వచ్చినవాళ్ల ముందు మా పొట్టేలు బలం చూపిద్దామని తల వంచి దాన్ని కవ్వించాను. అది నిజంగానే బలమైనది. వెళ్లి బండ మీద పడ్డాను.

నొప్పి ఓర్చుకున్నాను. లేవబోతే మాత్రం కుడికాలు చాచి పైకెత్తడం నా వల్ల కాలేదు. భయం పట్టుకున్నది అప్పుడే.

మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశారు.

"ఫ్రాక్చర్. చిప్ప ముక్కలు ముక్కలైంది, అతకదు. ఆపరేషన్ చేసి తీసేస్తాం."

"చిప్ప లేకుంటె కాలు వంగుతదా సార్?"

"వంగుతుంది. వంచాల్సింది మాత్రం నువ్వే."

నా భార్య మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కింద కూసోనొస్తదా అడుగు" అన్నది. ఆమె ఫికర్ నాకు తెలుసు. బొచ్చు కత్తిరించాలంటే గొర్రె కాళ్లు కట్టి పడుకోబెట్టి, పక్కన గొంతుక్కూర్చోవాలి. కూర్చోలేనివాడికి మంద ఎందుకు? అమ్మేయాల్సిందే.

నడుములో సూది వేశారు. కింది సగం మొద్దుబారింది. మాటలు వినిపించాయి గానీ కోత తెలియలేదు. మత్తు దిగాక మాత్రం మోకాలు నిప్పుల్లో పెట్టినట్టు మండింది. తొడ నుంచి చీలమండ దాకా ప్లాస్టర్. కొన్ని వారాల తర్వాత దాన్ని కోసి తీస్తే లోపల కాలు సగమైంది. "వేడినీళ్ల కాపడం పెట్టి, మంచం అంచున కూర్చుని రోజూ కొంచెం కొంచెం వంచు" అని చెప్పి పంపారు.

నేను వంచలేదు. గొర్రెకాలు విరిగితే వెదురుబద్దలు పెట్టి, కదలకుండా ఉన్నితాడుతో కట్టడం చిన్నప్పటి నుంచి నా చేతి పని. అదే వైద్యం నాకూ చేసుకున్నాను, ధోవతి కింద, మల్లమ్మకు కూడా తెలియకుండా. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరుగారు ధోవతి పైకి జరిపి బద్దలు చూశారు.

"ఎవరు కట్టారిది?"

"నేనే సార్. గొర్రెకు గిట్లనే కడ్తం."

"విరిగిన ఎముక అతకడానికి కడతారయ్యా. ఇక్కడ ఎముకే లేదు, నేను తీసేశాను! కీలు కదలకపోతే బిగుసుకుపోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఈ జన్మలో కింద కూర్చోలేవు."

ఇంటికొచ్చాక మల్లమ్మ బద్దలు పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే నీళ్లు కాచింది.

"ఇగ వంచు. నువ్వు వంచకుంటె నేను వంచుత."

నేను ఒక్కసారి కూడా అరవలేదని రాద్దామనుకున్నాను. కానీ ఇది ఆమె చదివించుకుని వింటుంది. అరిచాను. దొడ్లో గొర్రెలు బదులు పలికేవి. మొదట వేలెడు కూడా వంగలేదు. చెమటలు పట్టేవి, మోకాలు పొంగేది, మళ్లీ కాపడం. నెల గడిచేసరికి మంచం మీద నుంచి వేలాడేసిన పాదం మంచం కిందికి పోయింది. తర్వాత గోడ పట్టుకుని కూర్చోవడం, మల్లమ్మ చెయ్యి పట్టుకుని లేవడం.

బొచ్చు కత్తిరించే రోజు రానే వచ్చింది. కత్తెర తీసుకుని గొర్రె పక్కకు పోయాను. మల్లమ్మ వెనక చేతులు చాపి నిలబడింది.

"పైలం! పడితివంటె గొర్రె మీదనే పడ్తవు, దాని పాణం పోతది."

మెల్లగా దిగాను. మోకాలు గుంజింది, వణికింది, వంగింది. గొంతుక్కూర్చున్నాను! ఆ రోజు మంద మొత్తం నేనే కత్తిరించానని ఊళ్లో చెప్పాను. కత్తిరించింది ఒక్కదాన్నే, మిగిలినవి సాయం వచ్చిన చుట్టాలు కత్తిరించారు. కానీ కూర్చున్నదీ లేచిందీ ఎవరి చెయ్యీ పట్టకుండానే.

"గొర్లను అమ్ముడు లేదు తియ్యి" అని మల్లమ్మ మొహం తిప్పుకున్నది.

ఇప్పుడు మంద వెంట పోతున్నాను. గుట్ట ఎక్కడం సులువే. దిగేటప్పుడు కాలు జర వణుకుతుంది, కర్ర ఆనిస్తాను. మోకాలికి ఆపరేషన్ అయినవారికి నేను చెప్పేది ఒక్కటే. ప్లాస్టర్ తీసిన రోజే, కాలు ఎప్పటి నుంచి వంచాలో, ఎంత వంచాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. నొప్పికి అరవండి, నామోషీ లేదు. వంచడం మాత్రం ఆపకండి.