బూట్లతో ఎక్కిన కుప్ప

అలీ సాహెబ్ కూతురు మెహర్ లీడర్ క్యాంపు నుంచి డ్రైవరుతో లేచిపోయిందని నల్లపాడంతా చెప్పుకున్నారు. ఆ పుకారు పుట్టించింది టీకొట్టు బుల్లయ్య. అందులో నిజం ఆవగింజంత. ఆ పిల్ల ఒంగోలు బస్సు దిగింది, వెనకాల క్యాంపు జీపు నడిపే హయాత్ ఆమె పెట్టె మోసుకుంటూ దిగాడు. హయాత్‌కు అరవై ఏళ్ళు, మనవరాళ్ళు ముగ్గురు. ఆ సంగతి బుల్లయ్య చెప్పడు. లేచిపోయిన పిల్ల నేరుగా ఇంటికెందుకొస్తుందని అడిగినవాళ్ళూ లేరు.

అది 2003 ఎండాకాలం. మెహర్ ఇంటర్ మంచి మార్కులతో పాసైతే, కాలేజీవాళ్ళే ఆమె పేరు రాసి ఒంగోలు దగ్గర పదిరోజుల యువ నాయకత్వ శిబిరానికి పంపారు. ఆరో రోజే తిరిగొచ్చింది. వచ్చి నోరు విప్పలేదు. పరుపులు కుట్టే అలీ సాహెబ్ డిగ్రీ కాలేజీ దరఖాస్తు తీసి దూది బస్తా కింద తోసేశాడు. "చదివింది చాలు. సోమవారం నుంచి మీ అమ్మతో కల్లానికి పో" అన్నాడు. ఆ సోమవారమే దరఖాస్తుకు ఆఖరు రోజు.

తల్లి మస్తాన్‌బీ ఇరవై ఏళ్ళుగా మిరప కల్లాల్లో తొడిమలు తీస్తోంది. వేళ్ళకు ఎప్పుడూ మంటే. ఇప్పుడు కడుపులోనూ మంటే. గిన్నెలు విసిరింది, పొయ్యిని తిట్టింది, కూతురి కంచం ఎదురుగా నెట్టింది. ఏం జరిగిందన్న ఒక్క మాట మాత్రం అడగలేదు.

శనివారం హయాత్ గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో మెహర్ శిబిరంలో మరిచిపోయిన, ఆమె పేరు కొట్టించిన స్టీలు గ్లాసు.

"మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా?" మస్తాన్‌బీ చీపురు తిరగేసింది.

"కొట్టమ్మా, కొట్టు. ముందు విను. మీ పిల్ల మీకు చెప్పలేదా?"

అతను చెప్పిందిది. ఐదో రోజు శిబిరం పిల్లలందర్నీ ఓ మిరప కల్లానికి తీసుకెళ్ళారు. పేపరులో ఫొటో వేయించాలని శిబిరం పెద్ద త్రినాథ్ బూట్లతోనే కాయల కుప్ప మీదికెక్కాడు. పిల్లల్ని కూడా ఎక్కి చేతులూపమన్నాడు. కల్లం అంచునే చెప్పులు విడవడం ఈ నేలన పాలేరుకీ తెలుసు, ఆసామికీ తెలుసు. మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడకూలీలు చూస్తూ ఉండిపోయారు. మెహర్ ఒక్కతే కుప్పకు అడ్డంగా నిలబడింది.

"దిగండి సార్! కాయ పగిలితే తాలు కింద పోతుంది, ధర రాదు. మళ్ళీ ఏరాల్సింది వీళ్ళే."

"లీడరంటే పైకెక్కాలమ్మా. కింద నిలబడి అరిస్తే కూలీలే అవుతారు" అని ఆయన నవ్వాడట. సాయంత్రం కాగితమిచ్చి తప్పయిందని రాయమన్నాడు. రాయలేదు. మర్నాడు బస్సెక్కించమని హయాత్‌కు చెప్పాడు.

"ఒంటరిగా వదలబుద్ధి కాక ఇంటిదాకా వచ్చానమ్మా. నాదే తప్పయింది."

మస్తాన్‌బీ చీపురు పారేయలేదు. దాంతోనే టీకొట్టుకు నడిచింది. "ఏరా బుల్లయ్యా! ఈయన నీకు పెళ్ళికొడుకులా కనపడ్డాడా? కళ్ళల్లో కారం కొట్టుకున్నావా?" తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. బుల్లయ్య పాలగిన్నె మీద మూత పెట్టి కొట్టు వెనక్కి జారుకున్నాడు.

ఇంటికొచ్చి బస్తా కింది దరఖాస్తు లాగి మొగుడి ముందు కొట్టింది. "సంతకం పెట్టు!"

అలీ సాహెబ్ అంతా విన్నాడు. కలం తీశాడు, ఆగాడు. ఇన్ని రోజులకు మొదటిసారి కూతురి మొహంలోకి చూశాడు.

"ఒక్క ముక్క రాసిస్తే పోయేదిగా అమ్మాయ్? సర్టిఫికెట్టూ వచ్చేది, ఈ అల్లరీ ఉండేది కాదు. ఎందుకు రాయలా?"

మెహర్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆ సారుతో రాస్తాననే అన్నా నాన్నా. మీరు కల్లానికెళ్ళి, బూట్లు విప్పి, ఆ కూలీలముందు తప్పయిందనండి, ఆ తర్వాత రాస్తానన్నా. ఆయన వెళ్ళలేదు. నేను రాయలేదు. ఇంట్లోనూ అంతే, ఏమైందని ఎవరూ అడగలా. మీరు ఇవాళ అడిగారు, ఇవాళ చెప్పా."