ఉప్పు తిరిగొచ్చిన రోజు

చాయ్ కప్పు పక్కన పెట్టి, గుండెమీద చెయ్యేసుకుని చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం.

పోలీస్ యాక్షన్‌కు ముందు సరిహద్దు దాటి సరుకులు రావడం ఆగిపోయి, సికింద్రాబాద్‌లో ఉప్పు కరువైంది. బన్సీలాల్‌పేట్‌లో లోనా పట్టి ఉప్పటి తెల్లపొడి రాలే మా ఇంటి గోడను మేకలే కాదు, పొరుగింటి ముసలాయన కూడా నాకాడు.

అప్పటికే మా అన్న మంచం పట్టాడు. రక్తపోటు. కాళ్లు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడేది. డాక్టరు అతని మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి మంటమీద కాచాడు. ఉడికిన గుడ్డులోని తెల్లసొనలా పేరుకుంది.

"గుర్దాలు, గదే మూత్రపిండాలు వాచినయ్. పోటు తగ్గకుంటే పూరా ఖరాబైతయ్. ఉప్పు బంద్" అన్నాడు.

అన్న వింటేగా! మంచం కింద ఆవకాయ జాడీ దాచుకున్నాడు. డాక్టరు మాన్పించలేని ఉప్పును కరువు మాన్పించింది. జాడీ ఖాళీ అయ్యాక చప్పటి మజ్జిగన్నమే దిక్కయింది. మెల్లగా అన్న పాదాలు చెప్పుల్లో పట్టాయి. డాక్టరు మళ్లీ కాచి చూస్తే గొట్టంలో తేటగా ఉంది.

"గింతకే ఖుషీ గాకుండ్రి. ఉప్పు జోలికి పోవద్దు" అన్నాడు. మాకు ఆ తేటదనమే కనిపించింది, మాట చెవికెక్కలేదు.

సైన్యం వచ్చింది. దాని వెనకే ఉప్పు వచ్చింది. అన్న చప్పిడి తిని చిక్కిపోయాడని వాడలో ఇంటికో గుప్పెడు పంపారు. వదిన పప్పు వండింది.

"బీమారి పాయె, ఉప్పు సుత వచ్చె. ఇగ కడుపునిండ తినుండ్రి" అంది.

అన్న ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు చూశాడు. "రాజ్యం పోతే పోయిందిరా, నా నాలుక నాకు వాపస్ వచ్చింది!" అన్నాడు. అందరం నవ్వాం.

కాళ్లు మళ్లీ ఉబ్బాయి. తర్వాత ముఖం. తర్వాత మూత్రం ఆగిపోయింది. ఈసారి డాక్టరు గొట్టం బయటికి తీయలేదు. అన్నను పాడెమీద తీసుకెళ్లాక ఇల్లు ఊడ్చాం. వంట చేశాం. తిన్నాం.

ఇప్పుడు నాకూ పోటు. చప్పటి అన్నమే తింటున్నాను. ఏ రుచీ అడగాలనిపించదు.

ఇందులో అబద్ధం ఏదంటారా? ముసలాయన గోడ నాకడం నిజమే. నాలుక వాపస్ వచ్చిందని అన్న అన్న మాటే నేను కల్పించింది. ఆ రోజు అతను ముద్ద నమిలి, "ఉప్పెక్కువైందే" అన్నాడు.

"పాపం, నోరు ఉప్పు రుచి మరిచింది" అంటూ మేం ఇంకో గరిటె పప్పు వేశాం.