సగం డబ్బా నీళ్లు

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి ఎముకలమ్మ అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆవిడకు తెలుసు. ఆ పేరంటే కాస్త ఇష్టం కూడా. పదకొండేళ్లుగా వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, మనుషుల కాలి ఎముకలను స్కానుల్లోంచి బొమ్మలుగా కట్టి, నడిస్తే, కుర్చీలోంచి లేస్తే, మెట్లెక్కితే ఎక్కడెంత ఒత్తిడి పడుతుందో లెక్క తీస్తుంది. ఓర్చుకునే చోట ఎముక నీలంగా కనబడుతుంది, ఓర్చుకోలేని చోట ఎర్రగా. ఎవరి తొడ ఎముక ఎక్కడ పలచబడిందో చెప్పగలదు. వాళ్ల ముఖాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ వారం ఒక దర్జీ ఆవిడ ఎముక వచ్చింది. తొడ విరిగితే రాడ్డు వేశారు. ఒంటరి మనిషి, ఇల్లు రెండో అంతస్తు, మంచినీళ్లు కింది పంపు నుంచే మోసుకోవాలి. ఇంటికి పంపాలా, చెల్లెలి దగ్గరికి పంపాలా అన్నది డాక్టరుగారు ఎముకలమ్మ లెక్క చూసి తేలుస్తానన్నారు.

బొమ్మలోని మనిషికి పదిలీటర్ల డబ్బా ఒక చేతికిచ్చింది. రాడ్డు చివర ఎర్రబడింది. ఆ బరువే రెండు చేతులకూ సమంగా పంచితే నీలం. ‘రెండు చేతులతో మోస్తే ఇంటికి వెళ్లవచ్చు’ అని రాసి, పొద్దున్నే ఇద్దామని సొరుగులో పెట్టింది.

ఆ సాయంత్రం రెండు చేతులా సంచులతో తన ఇంటి మెట్లెక్కుతుంటే మలుపులో కాలు తడబడింది. పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. భుజం గోడకు ఆనించి కాసేపు నిలబడింది. పైనుంచి గానీ కిందినుంచి గానీ ఎవరూ రాలేదు.

మర్నాడు మొదటిసారి వార్డులోకి, దర్జీ ఆవిడ మంచం దగ్గరికి వెళ్లింది.

“పిన్నిగారూ, మీరు మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటారా?”

“అది కాకపోతే ఇంకెవర్ని పట్టుకోను? నువ్వెవరమ్మా, కొత్త నర్సువా?”

“కాదండీ. మీ ఎముక లెక్క చూసేదాన్ని.”

“అయితే నా కాలు నీతోనే కబుర్లు చెబుతోందన్నమాట! ఏమంటోంది, చెల్లెలింటికి పొమ్మంటోందా? అక్కడ నాకు మంచం వేస్తారు గానీ నా మిషనుకి చోటివ్వరే! గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా?”

ఎముకలమ్మ తిరిగొచ్చి సొరుగులోని కాగితం చించేసింది. ఈసారి బొమ్మలోని మనిషికి ఒక చేతిలో సగం డబ్బా ఇచ్చి, రెండో చేతిని రెయిలింగు మీద పెట్టించింది. ఎక్కించింది, దించింది. ఎముక నీలంగానే ఉంది. డాక్టరుగారు ఆ లెక్క చూసి సరేనన్నాక మళ్లీ వార్డుకు వెళ్లింది.

“ఇంటికే వెళ్లండి. కానీ ఒకసారికి సగం డబ్బానే.”

“అంటే రెండుసార్లు దిగాలా?”

“అవునండీ. కష్టమే.”

“కష్టమేముంది? రెండుసార్లు దిగితే ఒక్కసారైనా ఎవరో ఒకరు ఎదురుపడరూ!” అని దర్జీ ఆవిడ నవ్వింది.

ఆ సాయంత్రం ఎముకలమ్మ ఒక సంచి కిందనే వదిలి, రెయిలింగు పట్టుకుని పైకి వెళ్లింది. మళ్లీ దిగి వచ్చేసరికి సంచి పెట్టినచోటే ఉంది. మెట్లమీద ఎవరూ ఎదురుపడలేదు. సంచి చేతిలోకి తీసుకున్నాక కూడా, ఎందుకో కాసేపు అక్కడే ఆగింది.